పాతబస్తీ మెట్రో: కూల్చేది ఏది, నిలిపేది ఏది, తేల్చేది ఎవరు?

హరిబౌలి శ్రీను
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మాది హైదరాబాద్ పాతబస్తీలో హరిబౌలి, అక్కన్న మాదన్న గుడికి దగ్గర. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా రాబోతున్న ఏడున్నర కిలోమీటర్ల మెట్రో మా బజారు మీదుగానే పోతుంది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, తర్వాత మేము. మా తర్వాత శాలిబండ, శంషీర్‌గంజ్, అలియాబాద్. దీనికోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఇళ్లూ దుకాణాలూ కలిపి సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని మొదట్లో చెప్పారు. గజానికి 81,000 రూపాయలు ఖరారు చేసి 2025 జనవరి నుంచి చెక్కులు ఇస్తున్నారు.

నేను మెట్రో వద్దనే మనిషిని కాదు. కానీ ఎవరు మాట్లాడినా ఓనర్ల గురించే మాట్లాడుతున్నారు. మా నాన్న ముల్గీ (దుకాణం గది) అద్దెది. తాత కాలంలో పగిడీ (ఓనరుకి ముందే ఇచ్చే పెద్ద మొత్తం) కట్టి తీసుకున్నది. చెక్కు ఓనరుకి పోతే మా గతేంటి? ఇంకోటి. మా వరసలో రెండు ఇళ్లకు రాతి కమాన్లు, పైన చెక్క బాల్కనీలు, లోపల వాకిట్లో హౌజ్ (నీటి తొట్టి) ఉన్నాయి. అవి ఏ లిస్టులోనూ లేవట. ముందు భాగం కోసేస్తే వెనక మిగిలే గదుల్లో ఎవరైనా ఉండగలరా? గుళ్లు, మసీదులు, ఆశుర్‌ఖానాలు (మొహర్రం పీర్లను నిలిపే చోట్లు) తగలకుండా పిల్లర్లు జరిపామన్నారు. మంచిదే. మనుషులు ఉంటున్న పాత ఇళ్లను ఎవరు చూస్తారు?

తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల తిట్లు మాత్రం వద్దు.

సుమ, చాంద్రాయణగుట్ట
శనివారం, రాత్రి 10:05

శ్రీను అన్నా, మీ టెన్షన్ అర్థమైంది. అయినా ఇటువైపు మాట కూడా వినాలి. నేను హైటెక్ సిటీలో పనిచేస్తాను. రాత్రి షిఫ్ట్ అయితే ఇంట్లోవాళ్లు నేను వచ్చేదాకా పడుకోరు. 2017 నవంబరులో మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అప్పటికి ఊరంతా కలిపి 69 కిలోమీటర్లు పూర్తయింది. కట్టకుండా వదిలేసింది ఒక్క ఎంజీబీఎస్–ఫలక్‌నుమా ముక్కే, ఐదున్నర కిలోమీటర్లు. అంటే మాది.

మొదటి ప్లానులో ఉన్న లైనే ఇది. అలైన్‌మెంట్ (లైను పోయే దారి) మీద అభ్యంతరాలన్నారు, ధార్మిక కట్టడాలన్నారు, ఏళ్లు గడిచిపోయాయి. ఆ ఏళ్లలో మా వాడకట్టులో ఎంతమంది ఆడపిల్లలు దూరం అనే కారణంతో ఉద్యోగం మానేశారో నాకు తెలుసు. వారసత్వం కాపాడాలని మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన రాసుకోండి. పాతబస్తీ పాతగానే ఉండాలని కోరుకునేవాళ్లలో పాతబస్తీలో ఉండేవాళ్లు ఎంతమంది?

మోడరేటర్
శనివారం, రాత్రి 10:20

మంచి చర్చ. ఒక్క మనవి: ప్రైవేటు వ్యక్తుల పేర్లు, ఇంటి నంబర్లు రాయకండి. ఎవరికైనా నోటీసు వస్తే దాని ఫొటో పెట్టే ముందు పేర్లు చెరిపేయండి.

లక్ష్మి, ఆర్కిటెక్ట్
శనివారం, రాత్రి 11:15

శ్రీను గారూ, మీ ఇళ్లు "ఏ లిస్టులోనూ లేవు" అన్నారు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. కాస్త వివరంగా రాస్తాను.

చార్మినార్ లాంటి కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంటాయి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం వాటి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ గీత దాటితే ఆ చట్టం పనిచేయదు. రాష్ట్రం రక్షించే కట్టడాలు మరికొన్ని. వీటికి బయట మిగిలిన నగరం కోసం ఒకప్పుడు మనకు ఒక మంచి ఏర్పాటు ఉండేది. 1981 నాటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధన చేర్చారు. ప్రైవేటు దేవిడీలు (పాత ప్రభువుల భవంతులు), బంగళాలు, మార్కెట్లు, చివరికి రాతి గుట్టలు కూడా ఆ జాబితాలోకి వచ్చాయి. దేశంలో ముంబై తర్వాత ఇలాంటి పని మొదట చేసిన నగరాల్లో మనదొకటి. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. రెంటికీ మధ్య కాలంలో చాలా పాత ఇళ్లు పోయాయి.

నిబంధన ఉన్న రోజుల్లో అంతా బాగుందని నేను అనను. జాబితాలో పేరు ఎక్కగానే ఓనరుకి అమ్మే హక్కు మీద, కట్టే హక్కు మీద ఆంక్షలు వచ్చాయి. రిపేరుకు మాత్రం రూపాయి రాలేదు. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, దొరికితే కూలి మామూలు సిమెంటు పనికి రెట్టింపు పైమాటే. ఆ భారమంతా ఒక రిటైర్డ్ గుమాస్తా మీదో, ఆరుగురు వారసుల మీదో వేసి "మన సంస్కృతిని కాపాడండి" అంటే ఎవరు వింటారు? వాళ్లే రాత్రికి రాత్రి పైకప్పు పెంకులు తీసేసి వానకు వదిలేశారు, కూలిపోతే పీడా పోతుందని. వాళ్ల మీద నాకు కోపం లేదు.

బడీచౌడీ బాబాయ్
ఆదివారం, ఉదయం 6:50

సుల్తాన్ బజార్‌లో మాది బట్టల దుకాణం. మెట్రో మా నెత్తిమీద నుంచే పోతుంది కనుక రాస్తున్నా. మేము ఏళ్లపాటు ధర్నాలు చేశాం, బంద్‌లు చేశాం. 2014లో రాష్ట్రం వచ్చాక అలైన్‌మెంట్ మారుస్తామన్నారు. అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్ దగ్గర, పాతబస్తీలో మార్పులని పేపర్లలో వచ్చింది. ఆఖరికి లైను మా బజారులోనుంచే వచ్చింది. సుల్తాన్ బజార్ అని స్టేషన్ కూడా ఉంది.

ఇప్పుడు గిరాకీ ఎలా ఉందంటే, స్టేషన్ మెట్ల దగ్గర ఉన్నవాళ్లకు పెరిగింది. మధ్యలో ఉన్నవాళ్లకు పని జరిగిన ఆ మూడు నాలుగేళ్లు చచ్చినంత పనైంది. బారికేడ్లు కట్టాక ఆడవాళ్లు లోపలికి రావడం మానేశారు. పెళ్లిళ్ల సీజన్లు అలాగే పోయాయి. కూల్చిన గోడకు డబ్బులిచ్చారు గానీ పోయిన గిరాకీకి ఎవరూ లెక్క కట్టలేదు. శ్రీనూ, మీ ముల్గీ నిలిచినా ఈ దెబ్బ తప్పదు. పని మొదలు కాకముందే ఆ మాట రాతపూర్వకంగా అడగండి. తర్వాత అడిగితే వినే నాథుడుండడు.

టన్నెల్ రావు
ఆదివారం, ఉదయం 8:10

భూగర్భంలో వేయొచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నా. సొరంగ పనుల్లోనే నా ఉద్యోగం.

వేయొచ్చు. ఢిల్లీలో ఐటీఓ నుంచి కాశ్మీరీ గేట్ దాకా ఢిల్లీ గేట్, జామా మసీద్, లాల్ ఖిలా స్టేషన్లతో 2017 మేలో ఆ లైను తెరిచారు, మొత్తం భూమి కిందే. చావ్డీ బజార్ స్టేషన్ అంతకంటే చాలా ముందే వచ్చింది. పైన ఇరుకు గల్లీలు అలాగే ఉన్నాయి. కాబట్టి "పాత ఊళ్లో పిల్లర్లు తప్ప దారి లేదు" అనేది నిజం కాదు.

రెండోవైపు కూడా చూడాలి. కోల్‌కతా బౌబజార్‌లో 2019 ఆగస్టు ఆఖర్న సొరంగ యంత్రం నీటి పొరను తాకింది. పైనున్న పాత ఇళ్లు బీటలు వారి కొన్ని కూలిపోయాయి. వందల మందిని కట్టుబట్టలతో హోటళ్లకు తరలించారు. 2022లో అక్కడే మళ్లీ పగుళ్లు. అక్కడిది మెత్తటి ఒండ్రు నేల. మనది గ్రానైటు. గ్రానైటులో నీటి ఊట భయం తక్కువ, కానీ తొలవడం నిదానం, ఖర్చు ఎక్కువ. రాయీ మట్టీ కలిసిన చోట యంత్రం ఇరుక్కుంటుంది, బెంగళూరులో ఆ అనుభవం ఉంది. స్టేషన్ కోసం పైనుంచి తవ్వే గుంతకు స్థలం ఎలాగూ కావాలి. అంటే కూల్చడం పూర్తిగా తప్పదు, కొన్ని చోట్లకే పరిమితమవుతుంది.

నా బాధ ఏంటంటే, ఈ రెండు దారుల ఖర్చు, నష్టం పక్కపక్కన పెట్టి అక్కడి జనం ముందుకు ఎవరూ తీసుకురాలేదు. పైనుంచి వేస్తే కిలోమీటరుకు ఇంత, కిందనుంచి ఇంత, ఇన్ని ఇళ్లు పోతాయి, ఇన్ని మిగులుతాయి అని ఒక పేజీలో చెప్పొచ్చు. అది చూసి కూడా జనం పిల్లర్లే చాలంటే సరే.

సుమ, చాంద్రాయణగుట్ట
ఆదివారం, ఉదయం 9:02

రావు గారూ, బాగా చెప్పారు. నా భయం ఒకటే. మళ్లీ కొత్త సర్వే, కొత్త డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) అని మొదలుపెడితే ఇంకో పదేళ్లు పోతాయి. అందరూ సలహాలిచ్చేది మా లైను వచ్చేటప్పుడే. మియాపూర్ లైను వేసినప్పుడు ఇంత చర్చ జరగలేదు.

మూసీ 1908
ఆదివారం, ఉదయం 10:30

చరిత్ర పాఠాలు చెప్పుకుంటాను నేను. ఒక కోణం జోడిస్తాను.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చింది. వేల మంది పోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ బోర్డు ఇరుకు వాడలను పడగొట్టింది, రోడ్లు వెడల్పు చేసింది. ఈరోజు మనం చెయ్యి వెయ్యొద్దంటున్న పథర్‌గట్టి రాతి కమాన్ల వరస ఆ బోర్డు కట్టించిందే. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కూడా అంతే. ఆనాటి హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్ విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్ గీసినవి. అంటే అప్పట్లో అదంతా అభివృద్ధే. దాని కింద ఎవరి ఇళ్లు పోయాయో మనకు పేర్లు కూడా తెలియవు.

అందుకని ఇప్పుడు కూల్చినా ఫర్వాలేదని నేననడం లేదు. బోర్డు కూల్చిన చోట దుకాణాలకు వరసగా వరండాలు కట్టింది, పేదలకు కొత్త ఇళ్ల కాలనీలు వేసింది. వందేళ్ల తర్వాత కూడా జనం నిలబడి చూసే పనితనం పెట్టింది. మన కాలంలో రోడ్డు వెడల్పు చేశాక ఏం మిగులుతోంది? సగం కోసిన గది, బయటకు కనబడే ఇనుప చువ్వలు, దాని మీద ఫ్లెక్సీ. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీ చూడండి. అంత పెద్ద ప్రాంగణంలో గేట్లు మిగిలాయి, లోపల అంతా షాపింగ్ కాంప్లెక్సులు.

హుస్సేనీఆలం నాజిర్
ఆదివారం, మధ్యాహ్నం 12:15

సార్, బోర్డు కాలనీల సంగతి చెప్పారు. మాది అలాంటి పాత ఇల్లే. నాలుగు తరాలు. ఒక గదిలో దూలం కుళ్లిపోయింది. వానాకాలం వస్తే మా అమ్మ ఆ గదిలో పడుకోనివ్వదు. వారసత్వం అని గోడకు పలక తగిలించినంత మాత్రాన దూలం ఆగదు.

2025 మే 18 మర్చిపోవద్దు. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంటలొచ్చి 17 మంది చనిపోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి రావడానికి ఒకే ఇరుకు దారి. చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ రోజు నుంచి మా ఇంటి మెట్లు చూస్తే భయం వేస్తోంది. ఈ బజార్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచండి అని రాసేవాళ్లు వైరింగు గురించి, రెండో మెట్లదారి గురించి కూడా రాయాలి. ఫైరింజను లోపలికి ఎలా వస్తుందో రాయాలి.

లక్ష్మి, ఆర్కిటెక్ట్
ఆదివారం, మధ్యాహ్నం 1:40

నాజిర్ భాయ్, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మనుషులు క్షేమంగా ఉండలేని ఇంటిని కాపాడి ఏం లాభం? పాత ఇంటికి కొత్త వైరింగు, వెనకవైపు ఇనుప మెట్లు, కుళ్లిన దూలం స్థానంలో కొత్తది వేయడం, ఇవన్నీ సంరక్షణలో భాగమే. కట్టడం రూపు చెడదు. మా చదువులో మొదటి ఏడాదే చెబుతారు.

కానీ డబ్బు ఎటు పోతోందో చూడండి. కుతుబ్‌షాహీ సమాధుల మీద 2013 నుంచి దశాబ్దం పైగా అద్భుతమైన పని జరిగింది. చౌమహల్లా బాగుపడి 2010లో యునెస్కో అవార్డు తెచ్చుకుంది. మొజంజాహీ మార్కెట్‌ను శుభ్రం చేసి 2020 ఆగస్టులో తెరిచారు. ఇవన్నీ నాకు గర్వకారణాలే. అయితే ఒకటి గమనించండి. గేటు ఉండి, టికెట్ ఉండి, ఒకే యజమాని ఉన్న చోటికే నిధులు వస్తున్నాయి. నలుగురు వారసులు, ఇద్దరు అద్దెదార్లు ఉన్న హరిబౌలి ఇంటికి ఏ పథకమూ రాదు. మన పాతబస్తీ ఎక్కువగా అలాంటి ఇళ్లే.

పద్మ, అహ్మదాబాద్
ఆదివారం, మధ్యాహ్నం 3:25

మా తాతగారు కరీంనగర్ వైపు నుంచి మిల్లుల్లో పనికి ఇక్కడికి వచ్చారు. అహ్మదాబాద్ గురించి రెండు మాటలు. 2017లో మన దేశంలో తొలి ప్రపంచ వారసత్వ నగరంగా దీన్ని గుర్తించారు. ఇక్కడ పాత కోట లోపలి మెట్రో భూమి కింద నుంచి పోతుంది, కాలూపూర్, ఘీకాంటా వైపు. జాబితాలో ఉన్న ఇంటివాళ్లకు టీడీఆర్ ఇస్తారు. అంటే మీరు పైన కట్టుకోకుండా వదులుకున్న అంతస్తుల హక్కును పత్రంగా ఇస్తారు, దాన్ని బిల్డరుకి అమ్ముకుని ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. ఇష్టంగా చేసుకున్నవాళ్లున్నారు.

అంతా బాగుందనుకోకండి. పోళ్లలో (మీ గల్లీల్లాంటివి) కాపురాలు తగ్గుతున్నాయి. ఇల్లు అమ్మేసి బయటికి పోతే ఆ ఇంట్లో గోడౌను వస్తోంది. బయట చెక్క నగిషీ అలాగే ఉంటుంది, లోపల అట్టపెట్టెలు. ఇళ్లు మిగిలాయి, ఇరుగుపొరుగు పోయింది.

ఖిలా వరంగల్ కుమార్
ఆదివారం, సాయంత్రం 5:00

మాకు మీకు పూర్తిగా తలకిందులు. మేము కాకతీయుల కోట లోపలే ఉంటాం, తోరణాలకు దగ్గర. వంద మీటర్ల నిబంధన వల్ల కొత్త గది వేయలేం. రిపేరు చేసుకోవచ్చని చట్టంలో ఉంది, దానికి అనుమతి కావాలి, ఆ ఫైలు ఎక్కడెక్కడికో పోవాలి. పిల్ల పెళ్లికి ముందు పైకప్పు మార్చుకుందామంటే పెళ్లైపోయి పిల్లలు పుట్టినా అనుమతి రాదు. కాపాడటం కూడా మనుషుల్ని అడిగే చేయాలి, కూల్చడం మాత్రమే కాదు.

జీవో పాఠకుడు
ఆదివారం, సాయంత్రం 6:35

శ్రీను గారు పార్టీలు వద్దన్నారు. నేను తిట్టను. కానీ రాజకీయం లేకుండా ఈ విషయం అర్థం కాదు, జరిగిన వరసే చెబుతాను.

2015లో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం పడగొట్టి టవర్లు కడతామన్నారు. వ్యతిరేకత వచ్చి ఆగింది. ఆగాక బాగుచేశారా అంటే లేదు. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాయి, ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించి మూసేశారు. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ పాత ప్యాలెస్ పడగొట్టి కొత్త అసెంబ్లీ కడతామన్నారు, శంకుస్థాపన కూడా అయింది. సెప్టెంబరులో హైకోర్టు ఆ కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. 2020లో పాత సచివాలయం కూల్చినప్పుడు 1888 నాటి జీ బ్లాక్ కూడా పోయింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు వీటిని తప్పుబట్టారు. ఇప్పుడు వాళ్ల ప్రభుత్వంలో 2024లో మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద కూల్చివేతకు గుర్తుగా ఎర్ర అక్షరాలు పడ్డాయి. కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. ఉస్మానియాకి కొత్త ఆసుపత్రి గోషామహల్‌లో కడుతున్నారు, 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. దానివల్ల ఎష్ కట్టిన భవనం నిలిచే అవకాశం వచ్చింది, అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. గోషామహల్ వాళ్లు మాత్రం మా మైదానం పోయిందని రోడ్డెక్కారు. పాతబస్తీ మెట్రో అలైన్‌మెంట్ మీద అప్పట్లో గట్టిగా అభ్యంతరం చెప్పిన మజ్లిస్ (ఎంఐఎం) పార్టీ ఇప్పుడు పని త్వరగా చేయమంటోంది.

నాకు కనబడేది ఇది. ఎవరు కుర్చీలో ఉంటే వాళ్లకు కూల్చాల్సిన అవసరం కనబడుతుంది, దిగినవాళ్లకు వారసత్వం గుర్తొస్తుంది. ఆపగలిగింది రెండే: కోర్టు, లేదా ఆ వీధి జనం. ఎర్రమంజిల్‌ను కోర్టు ఆపింది, ఎందుకంటే అది పెద్ద భవనం, దానికోసం వాదించే చదువుకున్న మనుషులు దొరికారు. హరిబౌలి కమాన్ ఇంటికి వాళ్లు దొరకరు.

అడ్వకేట్ రమణ
ఆదివారం, రాత్రి 8:20

శ్రీను గారి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నేను చెప్పేది సాధారణ సమాచారం మాత్రమే, మీ కాగితాలు చూడకుండా సలహా ఇవ్వలేను.

2013 భూసేకరణ చట్టంలో "ప్రభావిత కుటుంబం" అంటే ఓనరు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా పట్టణంలో ఆ స్థలంలో ఉంటున్న కుటుంబం, లేదా మూడేళ్లుగా ప్రధాన జీవనాధారం ఆ స్థలం మీద ఉన్న కుటుంబం కూడా అందులోకి వస్తుంది. అంటే అద్దె ముల్గీ నడుపుకునేవాళ్లు కూడా హక్కుగా అడగొచ్చు. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టుకోవాలి. పరిహారం ఎవరికెంత అన్న తగాదా వస్తే కలెక్టరు దాన్ని అథారిటీకి పంపవచ్చు.

రెండు హెచ్చరికలు. మన రాష్ట్రం ఈ చట్టానికి సవరణ చేసుకుంది. మౌలిక సదుపాయాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు అందులో ఉంది. అందుకే మీ వీధిలో ఎవరూ వచ్చి కూర్చుని మీ మాట రాసుకోలేదు. ఇక ఓనర్లు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి చెక్కు తీసుకున్నాక ఎక్కువ అడగడం చాలా కష్టం, అద్దెదారు ఆ గదిలో ఉన్నాడన్న సంగతే ఫైలులో లేకుండా పోవచ్చు. కాబట్టి ఓనరు సంతకం పెట్టేలోపే మీ దరఖాస్తు ఆ ఫైలులో చేరాలి.

వారసత్వ కట్టడాల విషయమై హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేశారు. కోర్టులో ఉన్నదాని మంచిచెడ్డలు ఇక్కడ మాట్లాడను.

హరిబౌలి శ్రీను
ఆదివారం, రాత్రి 8:55

రమణ సార్, చాలా థాంక్స్. ఈ మాట మాకు ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. మా ఓనరు మంచివాడే, ఆయనకీ ఆరుగురు వాటాదార్లు. ఆయన సంతకం ఇంకా పెట్టలేదు.

సుమా, నీ మాట కూడా నిజమే తల్లీ. మా చెల్లె కూడా నీలాగే బస్సులు మారి పోతుంది. లైను రావాలి.

సుమ, చాంద్రాయణగుట్ట
ఆదివారం, రాత్రి 9:10

అన్నా, లైను రావాలి, మీ నాన్న ముల్గీ కూడా ఉండాలి. స్టేషన్ కింద కొత్తగా కట్టే దుకాణాల్లో ముందు హక్కు కూలిన ముల్గీల వాళ్లకే ఇవ్వమని అడగండి. మెట్రో వాళ్లు స్టేషన్ల దగ్గర షాపులు ఎలాగూ అద్దెకిస్తారు. పెద్ద బ్రాండ్లకు ఇచ్చే ముందు మీకు ఇవ్వాలి కదా. దీనికోసం మా కాలనీ వాళ్లం కూడా సంతకాలు పెడతాం. ప్రయాణం చేసేది మేమే, మా సంతకానికి విలువ ఉంటుంది.

మూసీ 1908
ఆదివారం, రాత్రి 9:30

సుమ చెప్పింది ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చింది. పథర్‌గట్టిలో బోర్డు చేసింది దాదాపు అలాంటిదే, రోడ్డుతో పాటు దుకాణాల వరస కూడా ప్లానులోనే పెట్టింది. ఇప్పుడు రోడ్డు ఒక శాఖది, పిల్లర్లు ఒక సంస్థవి, ఫుట్‌పాత్ కార్పొరేషన్‌ది, కోసేసిన ఇంటి గోడ ఓనరుది. ఆ గోడను మళ్లీ ఎలా కట్టాలో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు.

టన్నెల్ రావు
ఆదివారం, రాత్రి 9:48

ఒకటి ఆచరణలో పెట్టగలిగేది చెబుతాను. పని మొదలయ్యే ముందు లైనుకు రెండువైపులా ఉన్న ప్రతి పాత ఇంటి పగుళ్లను ఫొటోలు తీసి, తేదీ వేసి రికార్డు చేయాలి. దీన్ని కండిషన్ సర్వే అంటాం. అది లేకపోతే రేపు పునాది తవ్వకంలో గోడ బీట వారితే "ముందు నుంచే ఉంది" అంటారు. కాంట్రాక్టరు చేసే సర్వే కాపీ అడగండి. ఇవ్వకపోతే మీరే తీసిపెట్టుకోండి, ఫొటోలో ఆ రోజు పేపరు కనబడేలా.

లక్ష్మి, ఆర్కిటెక్ట్
ఆదివారం, రాత్రి 10:15

శ్రీను గారూ, వచ్చే ఆదివారం నేను, నా దగ్గర చదివే నలుగురు విద్యార్థులు వస్తాం. ఆ రెండు కమాన్ ఇళ్లు, వీలైతే వరస మొత్తం, కొలతలతో గీస్తాం. ఓనర్ల అనుమతి మీరు తీసుకోండి. ఆ బొమ్మలుంటే రెండు పనులవుతాయి. మొదటిది, 2017 చట్టం కింద జాబితాలో చేర్చమని దరఖాస్తు పెట్టొచ్చు. అది జరగకపోయినా, ముందు భాగం తీయక తప్పని పరిస్థితి వస్తే రాయి రాయికి నంబరు వేసి విప్పి వెనక్కి జరిపి కట్టమని అడగొచ్చు. కమాన్‌ను జేసీబీతో కొట్టడం, విప్పి దింపడం ఒకటి కాదు. విప్పితే మళ్లీ నిలబడుతుంది. ఖర్చు ప్రాజెక్టు భరించాలి, ఓనరు కాదు. టీడీఆర్ పత్రం గురించి కూడా అదే దరఖాస్తులో అడుగుదాం. మన నిబంధనల్లో వారసత్వ భవనాలకు అది ఉంది, అడిగినవాళ్లే తక్కువ.

హుస్సేనీఆలం నాజిర్
ఆదివారం, రాత్రి 10:22

మేడం, మా ఇంటికి కూడా రండి. లైనులో లేదు. దూలం ఎన్నాళ్లు ఉంటుందో చెబితే చాలు.

లక్ష్మి, ఆర్కిటెక్ట్
ఆదివారం, రాత్రి 10:26

తప్పకుండా వస్తాను భాయ్. ఈలోగా ఆ గదిలో పైన బరువులుంటే దింపేయండి.

అడ్వకేట్ రమణ
ఆదివారం, రాత్రి 10:40

సమాచార హక్కు దరఖాస్తు నేను రాసిపెడతాను. అడగాల్సినవి: మీ వరసలో ఎంత వెడల్పు వరకు తీస్తున్నారు, భూగర్భ మార్గాన్ని పరిశీలించిన నివేదిక ఉందా, అద్దెదార్ల సర్వే చేశారా, కండిషన్ సర్వే కాపీ. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. శ్రీను గారి ఒక్కరి పేరుతో కాకుండా వీధిలో నలుగురైదుగురు విడివిడిగా వేయండి.

హరిబౌలి శ్రీను
ఆదివారం, రాత్రి 10:58

సరే సార్. ఓనరుతో రేపే మాట్లాడతాను. ఇంకో సందేహం. మా దగ్గరున్న పాత అద్దె రసీదులన్నీ ఉర్దూలో ఉన్నాయి, తాత పేరు మీద. ఇప్పుడు షాపు లైసెన్సు నాన్న పేరు మీద. కరెంటు బిల్లు మాత్రం ఓనరు పేరు మీదే వస్తుంది. ఇవి చెల్లుతాయా?

అడ్వకేట్ రమణ
ఆదివారం, రాత్రి 11:07

చెల్లుతాయి. రసీదులను తెలుగులోకో ఇంగ్లీషులోకో తర్జుమా చేయించి నోటరీ చేయించండి. తాత మరణ ధ్రువపత్రం, నాన్నగారికి ఆయనతో సంబంధం చూపే కాగితం జతపరచండి. షాపు లైసెన్సు మూడేళ్లకు పైబడినది ఉంటే అదే మీకు పెద్ద ఆధారం. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.